పని చేసే చోట హింస జరగక ముందే దాని జాడ పట్టడం ఎలా

2012 జనవరి 27న యానాంలోని రీజెన్సీ సిరామిక్స్ కర్మాగారంలో కార్మిక వివాదం ముదిరింది. పోలీసుల లాఠీచార్జి తర్వాత కార్మిక నాయకుడు ఒకరు మరణించగా, ఆ ఆగ్రహంలో జరిగిన దాడిలో కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. 2019 నవంబర్ 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని భూ వివాదంలో ఉన్న వ్యక్తి ఒకరు ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి తగలబెట్టాడు. ఆమెను కాపాడబోయిన డ్రైవరూ, చివరికి దాడి చేసిన మనిషీ కూడా కాలిన గాయాలతో చనిపోయారు. 2023 మే 10న కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆస్పత్రిలో, పోలీసులు చికిత్స కోసం తీసుకువచ్చిన వ్యక్తి యువ వైద్యురాలు వందనా దాస్‌ను కత్తెరతో పొడిచి చంపాడు.

ఈ మూడు ఘటనల్లో దాడికి దిగినవారికి, వారి పరిస్థితులకు ఒకరితో ఒకరికి పోలిక లేదు. ఒకచోట జీతం, ఉద్యోగం చుట్టూ పెరిగిన సామూహిక ఆగ్రహం, ఒకచోట అర్జీదారు, ఇంకొకచోట మనఃస్థితి అదుపు తప్పినట్టు కనిపించిన మనిషి. కాబట్టి ‘ఇలాంటి మనిషే దాడి చేస్తాడు’ అని ముందే ఒక బొమ్మ గీసుకుని, ఆ బొమ్మకు సరిపోయేవారి కోసం వెతకడం వల్ల ప్రయోజనం ఉండదు. ముందుజాడలు కనబడినా పట్టుకోలేకపోవడానికి అసలు కారణం అవి ఒక్కరి దగ్గరే ఉండకపోవడం. ఒక మాట అటెండరు విని ఉంటాడు, ఒక మార్పు పక్క సీటులోని ఉద్యోగికి తెలిసి ఉంటుంది, ఒక గొడవ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చూసి ఉంటాడు, ఒక మెసేజ్ ఎవరి ఫోనులోనో పడి ఉంటుంది. విడివిడిగా చూస్తే ఏదీ ఫిర్యాదు చేసేంత పెద్దదిగా కనిపించదు. ఆ ముక్కలను గుర్తించడం, ఒకచోటికి చేర్చడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది.

మనిషిని కాదు, మార్పును చూడాలి

ప్రతి ఆఫీసులోనూ గట్టిగా మాట్లాడే మనిషి ఒకరు ఉంటారు. పదేళ్ళుగా అలాగే మాట్లాడుతున్న ఆ మనిషి ఈ రోజు కూడా గొంతు పెంచితే అది వారి స్వభావం మాత్రమే. అదే, ఎన్నడూ నోరెత్తని స్టోర్‌కీపరు రెండు వారాలుగా తలుపులు విసిరికొడుతున్నా, ఇంతకాలం నలుగురితో కలిసి భోజనం చేసిన ఉద్యోగి ఉన్నట్టుండి ఒక మూలన ఒంటరిగా కూర్చుంటున్నా, ఆ తేడాకు కారణమేమిటో తెలుసుకోవాలి. హాజరు దెబ్బతినడం, చిన్న సూచనను కూడా అవమానంగా తీసుకోవడం, వస్తువుల మీద కోపం చూపడం, మద్యం తాగి షిఫ్టుకు రావడం, అప్పులవాళ్ళు ఆఫీసు చిరునామాకే వచ్చి నిలదీయడం వంటివి కష్టంలో ఉన్న మనిషిని సూచిస్తాయి. కష్టంలో ఉన్న ప్రతివారూ దాడి చేయరు. వారిలో అత్యధికులు ఎవరికీ హాని తలపెట్టరు. అందువల్ల ఇవి కనిపించగానే అనుమానించడం కంటే పలకరించడం సరైన మొదటి అడుగు.

ఈ మార్పులకు తోడు ఒక ఫిర్యాదు ఒకే వ్యక్తి చుట్టూ బిగుసుకోవడం మొదలైతే విషయం మరో మెట్టు ఎక్కినట్టు భావించాలి. ‘కంపెనీ అన్యాయం చేసింది’ అనేవారు కొన్నాళ్ళకు ‘ఫలానా మేనేజరే నా బతుకు నాశనం చేశాడు’ అనడం, ఏ సంభాషణ మొదలైనా చివరికి ఆ పేరు దగ్గరికే తీసుకురావడం, ఆ వ్యక్తి ఏ బండి మీద వస్తారు, ఎన్నింటికి వెళ్తారు, ఇల్లెక్కడ అని తెలుసుకోవడానికి ప్రయత్నించడం ఒకే వరుసలో వచ్చే పరిణామాలు. కోపం ఉండటానికీ, ఆ కోపంతో ఆచూకీలు సేకరించడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని ఎవరైనా దాటుతున్నట్టు కనిపిస్తే, అప్పటిదాకా వారు ఎంత మర్యాదగా మాట్లాడుతున్నా, ఆ సంగతిని వెంటనే పైకి చేర్చాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కులం, మతం, ప్రాంతం, పేదరికం, మానసిక అనారోగ్యానికి మందులు వాడటం వంటివి ముందుజాడలు కావు. వాటిని ఆ జాబితాలో చేర్చే సంస్థ అమాయకులను వేధించడమే కాక, అసలు చూడవలసిన ప్రవర్తనను చూడలేకపోతుంది. అందరికీ ఇష్టుడైన సీనియరు నవ్వుతూ చేసే బెదిరింపు ఇలాంటి సంస్థల్లోనే ‘ఆయన మాట తీరే అంత’ అనే ఒక్క మాటతో కొట్టుకుపోతుంది.

మాటల్లో వినవలసినవి

‘నీ అంతు చూస్తా’, ‘బయటికి రా, చెప్తా’ వంటి మాటలు మన దగ్గర కోపంలో తరచుగా వినిపిస్తాయి. వీటిని పూర్తిగా వదిలేయకూడదు గానీ, వీటికంటే జాగ్రత్తగా వినవలసినవి తక్కువ స్వరంతో వస్తాయి. ‘ఇంక నాకు పోయేదేమీ లేదు’, ‘ఈ నెలాఖరుకు అంతా తేలిపోతుంది’, ‘నేను ఒక్కణ్ణే పోను’, ‘సోమవారం మీరు ఆఫీసుకు రాకండి’ వంటి వాక్యాలలో కోపం కంటే నిర్ణయం ఎక్కువగా ధ్వనిస్తుంది. బెదిరించే ప్రతివారూ ప్రమాదకారులు కారనీ, ప్రమాదకారులైన ప్రతివారూ ముందుగా బాధితుణ్ణి బెదిరించరనీ ఇలాంటి ముప్పులను అంచనా వేసే పనిలో ఉన్నవారు చెబుతారు. బాధితుడికి చెప్పని మాటను మూడో మనిషికి, అంటే స్నేహితుడికో, టీ కొట్టు దగ్గర తోటివారికో, వాట్సాప్ స్టేటస్ చూసేవారికో చెప్పడం మాత్రం తరచుగా జరుగుతుంది. అందుకే ‘నాతో అన్నాడు గానీ ఆయనతో అనలేదు కదా’ అని ఊరుకోవడం పొరపాటు.

ఆత్మహత్య ప్రస్తావన వచ్చినప్పుడు దాన్ని వేరే అంశంగా పక్కన పెట్టకూడదు. కలెక్టరేట్లలో అర్జీలు తీసుకునే సోమవారాల్లో పురుగుమందు డబ్బాతోనో, పెట్రోలు సీసాతోనో వచ్చి ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించినవారి వార్తలు తెలుగు పాఠకులకు కొత్త కాదు. తనకే హాని తలపెట్టిన మనిషికి మొదట కావలసింది సహాయం. అయితే బతకాలన్న ఆశ వదులుకున్న మనిషిని శిక్ష భయం ఆపలేదన్న సంగతి కూడా అక్కడున్నవారు గుర్తుంచుకోవాలి. ‘మీకు మీరు హాని చేసుకోవాలని గానీ, మరెవరికైనా హాని చేయాలని గానీ అనిపిస్తోందా?’ అని ఒంటరిగా, నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ 14416 నంబరులో రోజంతా ఉచితంగా అందుతుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇంకొకటి, ముందున్న తేదీలను చూడాలి. తొలగింపు ఉత్తర్వు, శాఖాపరమైన విచారణ తుది రోజు, కోర్టు తీర్పు, బదిలీ, నోటీసు కాలం ముగిసే రోజు వంటివి అప్పటిదాకా నిలకడగా ఉన్న మనిషిని ఒక్కసారిగా మార్చగలవు. ఆ రోజు ఎలా గడపాలో ముందే ఆలోచించుకోవడం యాజమాన్యం చేతిలో ఉన్న పని. అందరి ముందు సెక్యూరిటీ గార్డుల మధ్య నడిపించి బయటికి పంపడం, చివరి జీతాన్నీ పీఎఫ్ కాగితాలనూ నెలల తరబడి తొక్కిపెట్టడం, ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి తీసేసి ఆ సంగతిని తోటివారి ద్వారా తెలియనివ్వడం వంటివి ఆ రోజును మరింత ప్రమాదకరంగా మారుస్తాయి. ఉద్యోగం తీసేయక తప్పనప్పుడు కూడా మర్యాద తీయవలసిన అవసరం లేదు.

కౌంటరు అవతలి మనిషి

రెవెన్యూ కార్యాలయాల్లో, మున్సిపల్ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, విద్యుత్ సెక్షన్ ఆఫీసుల్లో ముప్పు ఎక్కువగా వచ్చేది తోటి ఉద్యోగి నుంచి కాదు, పని కోసం వచ్చిన మనిషి నుంచి. అబ్దుల్లాపూర్‌మెట్ ఘటన తర్వాత కొన్ని తహసీల్దారు కార్యాలయాల్లో అధికారి బల్లకు ముందు తాడు కట్టి, అవతలినుంచే అర్జీ ఇవ్వమన్నట్టు వార్తలు వచ్చాయి. భయంలో అలా చేయడం అర్థం చేసుకోదగినదే. కానీ తాడు అందరినీ ఒకే దూరంలో ఉంచుతుందే తప్ప, ఎవరి సహనం చివరికొచ్చిందో చెప్పదు. ఆ సంగతి మీసేవ కేంద్రం నడిపేవారికి, దస్తావేజు లేఖరికి, రికార్డు అసిస్టెంటుకు ముందు తెలుస్తుంది.

వారు గమనించగలిగే మార్పులు కొన్ని ఉన్నాయి. ఇన్నాళ్ళూ కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వచ్చిన అర్జీదారు ఉత్త చేతులతో రావడం మొదలుపెడితే, తన పని ఏమైందని అడగడం మానేసి ‘సారు ఒక్కరే ఎప్పుడుంటారు?’ అని అడుగుతుంటే, తోడు వచ్చే కొడుకునో అన్ననో వదిలి కార్యాలయం మూసే వేళకు ఒంటరిగా వస్తే, సంచిని గానీ సీసాను గానీ చేతిలోంచి దింపకుండా ఉంటే, ఆ మనిషి ఫిర్యాదు స్వరూపం మారిందని అర్థం చేసుకోవాలి. అలాంటివారి ఫైలును ఆ రోజే బయటికి తీసి, అది ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పటికి తేలుతుంది అన్నది రాసిచ్చి పంపడం చాలాసార్లు ఉద్రిక్తతను తగ్గిస్తుంది. కాదనవలసి వచ్చినా, ‘రేపు రండి’ అని తిప్పడం కంటే కారణం చూపి కాదనడం, ఆ పైన ఎవరికి అప్పీలు చేసుకోవచ్చో చెప్పడం మేలు. ఒక్క దారైనా తెరిచి ఉందని నమ్మే మనిషికీ, అన్నీ మూసుకుపోయాయని నమ్మే మనిషికీ చాలా తేడా ఉంటుంది.

ఆస్పత్రి క్యాజువాలిటీలో వ్యవధి ఇంత దొరకదు. అక్కడ జాడలు రోజుల్లో కాక నిమిషాల్లో కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో ఒక అత్యవసర విభాగాన్ని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ముగ్గురు నర్సింగ్ పరిశోధకులు ఐదు సూచనలను గుర్తించారు. రెప్పవేయకుండా గుచ్చి చూడటం, గొంతు హెచ్చడం లేదా వ్యంగ్యంగా మారడం, ఆందోళన, తనలో తాను గొణుక్కోవడం, ఒకచోట నిలవలేక పచార్లు చేయడం ఆ ఐదు. మన ఆస్పత్రుల్లో వీటికి గుంపు స్వభావాన్ని కూడా చేర్చుకోవాలి. రోగి వెంట మొదటి నుంచీ ఉన్న భార్యో, తండ్రో మౌనంగా మారి, అప్పుడే వచ్చిన దూరపు బంధువో, ఊరి పెద్దమనిషో మాట్లాడటం మొదలైతే, ఐసీయూ బయట జనం నిమిష నిమిషానికీ పెరుగుతుంటే, ప్రశ్నలు వైద్యం గురించి కాక బిల్లు గురించి, ‘ఎవడా డాక్టరు’ అని వ్యక్తి గురించి వస్తుంటే, జవాబు చెబుతుండగానే నాలుగు ఫోన్లు వీడియో తీస్తుంటే, డ్యూటీ డాక్టరు ఒంటరిగా ఆ గుంపు మధ్యకు వెళ్ళకూడదు. సీనియరు వైద్యుడు, నర్సు, సెక్యూరిటీ వ్యక్తి కలిసి, దగ్గరి బంధువులను ఇద్దరిని మాత్రమే ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడాలి. మరణవార్తను వరండాలో నిలబడి చెప్పకూడదు. పరిస్థితి విషమిస్తున్నదన్న మాటను ఆఖరి గంట దాకా దాచకుండా, రోగి చేరిన నాటి నుంచి రోజూ ఒకే వైద్యుడు ఒకే బంధువుకు చెబుతూ వస్తే, సగం గొడవలు ఆ స్థాయికి చేరవని నా అభిప్రాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై దాడి బెయిలుకు వీలులేని నేరం. మూడేళ్ళ దాకా జైలు, రూ. 50,000 దాకా జరిమానా ఉన్నాయి. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో వైద్యురాలి హత్య తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టు 16న ఇచ్చిన ఆదేశం, విధుల్లో ఉన్న వైద్య సిబ్బందిపై హింస జరిగితే ఆరు గంటల్లోగా ఫిర్యాదు నమోదు చేయించే బాధ్యతను సంస్థ అధిపతిపై పెట్టింది. ఈ నిబంధనలన్నీ దాడి జరిగిన తర్వాత పనికొచ్చేవే.

ఇంటి గొడవ గేటు దాకా వచ్చినప్పుడు

భర్త నుంచో, మాజీ ప్రియుడి నుంచో, వెంటపడే అపరిచితుడి నుంచో తప్పించుకుంటున్న మహిళ ఇల్లు మారవచ్చు, ఫోను నంబరు మార్చవచ్చు. కానీ ఆమె ఏ ఆఫీసులో పనిచేస్తుందో, ఏ వేళకు బయటికి వస్తుందో అతనికి తెలుసు. అందుకే ఇది ‘వాళ్ళ ఇంటి విషయం’ కాదు. ఒకే నంబరు నుంచి రోజంతా ఫోన్లు రావడం, రిసెప్షన్‌కు ఎవరో వచ్చి ఆమె గురించి వాకబు చేయడం, వీడియో కాల్ చేసి ఎక్కడున్నదీ చూపించమనడం, ఆమె పూర్తి చేతుల దుస్తులతో గాయాలు కప్పుకోవడం, బస్టాపు దాకా ఎవరైనా తోడు వస్తారా అని అడగడం వంటివి గమనించినవారు ఆమెను ఒంటరిగా కలిసి, ఏం చేస్తే భద్రంగా అనిపిస్తుందో ఆమెనే అడగాలి. ఆమె ఒప్పుకోకుండా అతనికి ఫోను చేసి మందలించడం, ఇద్దరినీ పిలిచి పంచాయితీ పెట్టడం ప్రమాదాన్ని పెంచుతుంది. ఆమె అంగీకారంతో అతని ఫొటోను గేటు దగ్గర ఉంచడం, సీటును లోపలికి మార్చడం, షిఫ్టు వేళలు మార్చడం, పార్కింగ్ దాకా తోడు పంపడం పెద్ద ఖర్చు లేని పనులు.

వేధించేది తోటి ఉద్యోగే అయితే, 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పది మంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న దుకాణాల్లో, క్లినిక్‌లలో, పాఠశాలల్లో పనిచేసేవారు, యజమానిపైనే ఫిర్యాదు ఉన్నవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. విచారణ సాగుతుండగానే ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి మార్చమనీ, మూడు నెలల దాకా సెలవు ఇవ్వమనీ ఆమె రాతపూర్వకంగా కోరవచ్చు. ఈ వెసులుబాటు సంగతి చాలామందికి తెలియదు. ఫిర్యాదు ఇచ్చిన తర్వాతి వారాలే ఆమెకు అత్యంత అపాయకరమైనవి కావచ్చు గనుక, కమిటీ దాని గురించి ఆమెకు తానే చెప్పాలి.

రాసి పెట్టడం, చేరవేయడం

గమనించినదాన్ని ఆ రోజే రాయాలి. రాసేటప్పుడు మన తీర్పును కాక, చూసినదాన్నీ విన్నదాన్నీ రాయాలి. ‘అతను సైకోలా ప్రవర్తిస్తున్నాడు’ అన్న వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. అది తప్పని తేలితే రాసినవారే ఇరుకున పడతారు. ‘మంగళవారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో స్టోర్స్ గది దగ్గర, సూపర్‌వైజరు గారు ఇంటికి వెళ్ళే దారి తనకు తెలుసని, ఈ నెల జీతం పడకపోతే ఆ దారిలోనే మాట్లాడతానని నాతో అన్నారు. ప్యాకింగ్ విభాగంలోని ఇద్దరు విన్నారు. గత వారం కూడా ఇదే మాట అన్నారు’ అని రాస్తే దానిలో వేళ, చోటు, మాట, సాక్షులు, పునరావృతి అన్నీ ఉంటాయి. మెసేజ్‌లను చెరపకుండా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. వాటిని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకూడదు. అది భద్రత కాదు, పరువు తీయడం. దానితోనే కొత్త గొడవ మొదలవుతుంది.

ఇలాంటి సమాచారం చేరవలసిన చోటు ఒక్కటే ఉండాలి, అది ఎవరో అందరికీ తెలిసి ఉండాలి. పెద్ద సంస్థల్లో హెచ్ఆర్, భద్రతా విభాగం, న్యాయ సలహాదారు, సంబంధిత విభాగాధిపతి కలిసి కూర్చునే చిన్న బృందం ఉంటే ముక్కలు ఒకచోట చేరతాయి. పదిహేను మంది పనిచేసే షోరూములో ఆ పని యజమానో, మేనేజరో చేయాలి. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వారు, క్యాంటీన్ కుర్రాళ్ళు, డ్రైవర్లు కాంట్రాక్టు మనుషులు కావడంతో ఈ వలయం బయటే ఉండిపోతున్నారు. నిజానికి అందరికంటే ఎక్కువ చూసేది వారే. లక్షలు పెట్టి కొన్న కెమెరా జరిగినదాన్ని తర్వాత చూపిస్తుంది, గేటు దగ్గరి మనిషి జరగబోయేదాన్ని ముందే చెప్పగలడు. అతని మాటను వినేవారు మాత్రం కావాలి.

సమాచారం అందుకున్నవారు మొదట అడగవలసిన ప్రశ్నలు కొన్నే. ఇది ఒక్కసారి జరిగిందా, పెరుగుతూ వస్తోందా? ఎవరిపై గురి ఉంది? ఆయుధం గానీ, పెట్రోలు, యాసిడ్ వంటివి గానీ అందుబాటులో ఉన్నాయా, వాటి గురించి మాట్లాడారా? దగ్గరలో ఏదైనా తేదీ ఉందా? ఆ మనిషిని నిలిపే కుటుంబం, స్నేహితులు, ఆశ ఏమైనా మిగిలి ఉన్నాయా? చివరి ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. జవాబులు తేలికపాటివైతే, ఆ మనిషి గౌరవించే ఒకరు, అయితే ఆ కోపం ఎవరిపై ఉందో వారు కాకుండా వేరొకరు, ఒంటరిగా కూర్చుని వినాలి. గురి, ఆయుధం, తేదీ మూడూ కలిస్తే కౌన్సెలింగ్‌తో సరిపెట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ నేరపూరిత బెదిరింపును, 78వ సెక్షన్ మహిళలను వెంటాడటాన్ని, 132వ సెక్షన్ ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకునే దాడిని శిక్షార్హం చేస్తున్నాయి. చంపుతానన్న బెదిరింపుకు ఏడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఫిర్యాదును ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్‌గా ఇవ్వవచ్చు.

మనిషి ఎదురుగా ఉన్నప్పుడు

పిడికిళ్ళు బిగుసుకోవడం, ఊపిరి వేగం పెరగడం, ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ అనడం, తలుపు వైపూ మీ చేతుల వైపూ చూపు తిరగడం, గట్టిగా అరుస్తున్న మనిషి ఉన్నట్టుండి మౌనంగా మారడం కనిపిస్తే వ్యవధి తక్కువగా ఉందని గ్రహించాలి. రెండు చేతుల దూరం పాటిస్తూ కొంచెం పక్కకు తిరిగి నిలబడాలి. వారి దారికీ మీ దారికీ ఎవరూ అడ్డుండకూడదు. భుజం మీద చేయి వేసి శాంతపరచబోవడం మనకు అలవాటే గానీ, ఆ క్షణంలో అది దాడిలా అనిపించవచ్చు. పేరు తెలిస్తే ‘గారు’ చేర్చి పిలవాలి, గొంతు తగ్గించాలి, ఎవరిది తప్పో తేల్చే వాదన పెట్టుకోకూడదు. ‘మీరు చెప్పేది రాసుకుంటాను, కూర్చుని చెప్తారా, బయట మాట్లాడుకుందామా?’ అని రెండు దారులు చూపితే నిర్ణయం తన చేతిలో ఉందన్న భావన వారికి కలుగుతుంది. తీర్చలేని హామీ మాత్రం ఇవ్వకూడదు. బల్ల మీద కత్తెర, పేపరు వెయిటు, వేడి టీ గ్లాసు లేకుండా చూసుకోవడం, ‘పాత రిజిస్టరు ఒకసారి తీసుకురండి’ వంటి సాధారణ వాక్యాన్ని సహాయం పిలిచే సంకేతంగా సిబ్బంది ముందే అనుకుని ఉండటం ఇక్కడ పనికివస్తాయి. ఆయుధమో, పెట్రోలో కనిపించిన మరుక్షణం మాటలు ఆపి బయటపడి, వీలైనంతమందిని బయటికి పంపి, అత్యవసర నంబరు 112కు ఫోను చేయాలి. వస్తువులను, ఫైళ్ళను కాపాడే ప్రయత్నం అప్పుడు పనికిరాదు.

ఆ రోజు ఏమీ జరగకుండా ముగిసినా ఫైలును మూసేయకూడదు. రెండు వారాలకు ఒకసారి, ఆ తర్వాత నెలకొకసారి, ముందు గుర్తించిన తేదీ దాటేదాకా ఆ బృందం మళ్ళీ కూర్చుని ఏం మారిందో చూడాలి. మొదట చెప్పిన అటెండరుకో, నర్సుకో, గార్డుకో మీరు చెప్పినదాన్ని ఫలానా విధంగా చూశామని, వివరాలు బయటపెట్టకుండానే, ఒక మాట తెలియజేయాలి. జవాబు రాని చోట రెండోసారి ఎవరూ చెప్పరు.